ముందరి అర్రకు దుకాణం పన్ను

మున్సిపాలిటీ నోటీసు వచ్చిన సాయంత్రం నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. తెచ్చినతను సంతకం కావాలంటే, "అత్తమ్మా, జర నువ్వు పెట్టు, నా చేతులకు పిండున్నది" అని కేకేశాను. ఇల్లు ఎలాగూ ఆమెదే. మా మామ దుబ్బయ్య పోయాక ఆయన పేరు తీసి అత్తమ్మ అంజవ్వ పేరు ఎక్కించారు. ఆమె కూడబలుక్కుంటూ పేరు రాసి, కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టేసి మళ్లీ మంచం ఎక్కింది. నాకు తల తిప్పే తీరిక లేదు. రెండు పెంకల మీద రెండు రొట్టెలు పొంగుతున్నాయి, బయట బెంచీ మీద గిరాకీలు కూర్చుని ఉన్నారు.

రోడ్డు వైపున్న ఆ ముందరి అర్రలో ఒకప్పుడు మా పాత సామాను ఉండేది. షుగర్ ఉన్న పక్కింటాయన ఒకరోజు, "ఎస్తేరమ్మా, నాకు రోజు రెండు జొన్న రొట్టెలు చేసిస్తవా, పైసలిస్త" అని అడిగాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరికొందరు. నాలుగేళ్లు తిరిగేసరికి సిద్దిపేటలో మా వీధి పేరు తెలియనివాళ్లకు కూడా మా రొట్టెలు తెలిశాయి. మధ్యాహ్నం పిండి పట్టించి తేవడం, జల్లించడం, వేన్నీళ్లతో పిసకడం, పొద్దుగూకేదాకా నిలబడి చరచడం. ధూళిమిట్టలో మా అమ్మ దగ్గర నేర్చుకున్న చెయ్యి ఇది. ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, గ్యాసు, అత్తమ్మ మందులు. అయినా నా భర్త చరణ్‌కు అది ఎప్పుడూ పనిగా కనిపించలేదు. "రొట్టెలు చేసుడు గూడ ఒక పనేనా? ఇంట్లకు ఎట్లనో చేస్తవ్, ఇంకో నాలుగు ఎక్కువ కొడుతున్నవ్" అనేవాడు. చుట్టాలెవరైనా మీ ఆవిడేం చేస్తుందని అడిగితే, నేను పక్కనే నిలబడి ఉండగానే, "ఏం జెయ్యదు, ఇంట్లనే ఉంటది" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ద్వేషం ఉండేది కాదు. ఉంటే ఎదురు చెప్పడం సులువయ్యేదేమో. వాన పడుతోంది, కరెంటు పోయింది అన్నట్టే అనేవాడు.

చరణ్ ప్రజ్ఞాపూర్‌లో ఒక బండ్ల షోరూంలో లెక్కలు చూస్తాడు. ఆ సాయంత్రం బస్సు దిగి వచ్చి నోటీసు చదివి అరిచాడు. మా ఇంటి పన్ను మూడింతలైంది. ఇల్లు మొత్తాన్ని హోటల్ కింద రాశారు. అత్తమ్మ మంచమున్న అర్ర, మేం పడుకునే అర్ర, బట్టలారేసే వాకిలి, అన్నీ హోటలే.

"చూసినవా నీ రొట్టెలు ఏం జేసినయో! గిరాకీలను సూసి రాస్కపోయిన్రు."

నేను భయపడాల్సింది. నాకు మాత్రం గుండెల్లో ఏదో ఎగిరి పడింది. అతను స్నానానికి వెళ్లగానే ఆ కాగితాన్ని తీసి మళ్లీ చదివాను. వినియోగం అని ఉన్న చోట 'వ్యాపారం' అని రాసి ఉంది. నన్ను ఎరగని మనిషి ఎవరో, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, రోడ్డు మీద నిలబడి ఒక్కసారి చూసి, నేను చేసేది ఫలానా అని తేల్చేశాడు. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరికీ కనిపించనిది అతనికి అంత దూరం నుంచి ఎలా కనిపించిందో! పన్ను అన్యాయమే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒక్క మాటను మాత్రం నేను దాచుకోవాలనుకున్నాను.

చరణ్ ఆ వారమే అత్తమ్మ పేరుతో అర్జీ రాశాడు. మంచి తెలుగు రాస్తానని అతనికి గర్వం. వంటింట్లో నిలబడి నాకు చదివి వినిపించాడు: "మా ఇంటిలో ఏ విధమైన వ్యాపారమూ జరుగుట లేదు. నా కోడలు గృహిణి. ఇరుగుపొరుగు వారికి అప్పుడప్పుడు సరదాగా రొట్టెలు చేసి ఇచ్చును."

సరదాగా! మణికట్టు వాచి రాత్రి గిన్నె పట్టుకోలేని సరదా. మే నెలలో రెండు పొయ్యిల మధ్య నిలబడి కళ్లు తిరిగే సరదా. జ్వరం వచ్చినా గిరాకీ తప్పిపోతుందని గోలీ వేసుకుని లేచే సరదా. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్లి, చదివి చెప్పకుండానే సంతకం పెట్టించుకొచ్చాడు. "విచారణ అయ్యేదాంక పొయ్యిలు లోపట పెట్టు, బెంచీ తీసెయ్యి" అని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గిరాకీలు వచ్చి మూసిన తలుపు చూసి తిరిగిపోతుంటే కిటికీలోంచి చూశాను. చేతులు ఖాళీగా ఉంటే ఎంత బరువో అప్పుడు తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం చీర మార్చుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. ఒక్కదాన్నే ఒక ఆఫీసు మెట్లు ఎక్కడం అదే మొదలు. కౌంటర్‌లో ముబష్షిరా అనే అమ్మాయి ఉంది. నోటీసు నకలు చూపించి, "గిది ఎట్ల లెక్కగట్టిన్రో జర చెప్తవా చెల్లే" అన్నాను. విసుక్కుంటుందేమో అనుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"గిదంతా ఒక్కటే లెక్క గాదక్కా. ఇల్లు వేరే, దుకాణం వేరే. ఒక్క ఇంట్ల రెండూ ఉంటే దేని జాగ దానికి కొలవాలె. ఓనర్లే ఉంటే మినహాయింపుంటది. ఇల్లు పాతదైతే ఇంకింత తగ్గుతది. మీకు రెండూ ఇయ్యలే. కప్పు లేని వాకిలిని గూడ కలిపినట్టున్నరు."

"మరి గవన్నీ అడిగితే సార్లు కోపానికొస్తరా?"

ఆమె నవ్వింది. "అడగనీకే గదక్కా అర్జీ!"

ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ వచ్చాను. కాళ్లు నేల మీద లేవు. నేనుంటున్న ఇల్లు నాకే కొత్తగా కనిపిస్తోంది. గోడలకో లెక్క, కప్పుకో లెక్క, వయసుకో లెక్క! ఆ లెక్కలు మగవాళ్లకే తెలుస్తాయని ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. దారిలో హార్డ్‌వేర్ దుకాణంలో కొలత టేపు కొని, ఇంట్లో అడుగుపెడుతూనే, "అత్తమ్మా, లే! ఇల్లు కొలుద్దాం" అన్నాను.

"నా ఇల్లును నువ్వు కొలుసుడేందే?" అంది ఆమె. అంటూనే లేచి టేపు కొస పట్టుకుంది.

అర్ర తర్వాత అర్ర కొలిచాం. కొలిచిన కొద్దీ ఆమెకూ హుషారు వచ్చింది. టేపు వదులైతే నన్ను కసిరింది. ముందరి అర్రలోకి వచ్చాక మాత్రం గోడకు చెయ్యి ఆనించి ఆగిపోయింది.

"గీ గోడకే ఒరిగి కూసుంటుంటి నేను. ఒళ్లె చాట పెట్టుకోని పొద్దంత బీడీలు చుడుతుంటి. మీ మామ నలుగుర్ల ఏమంటుండె ఎరికేనా? 'మా ఆమె ఇంట్లనే ఉంటది, పొద్దువోక రెండు బీడీలు చుడుతది' అంటుండె." ఆమె గోడను అరచేత్తో తట్టింది. "గీ ఇంటి సిమెంటు, సలాక, అంతా నా పొద్దువోకతోనే వచ్చింది బిడ్డా."

ఈ మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు. పెళ్లైన కొత్తలో నా రొట్టె అంచు పగిలితే మూడిళ్లకు వినిపించేలా అరిచిన మనిషి ఈమే. నేను అర్జీలో చరణ్ రాసింది చెప్పాను.

"సరదాగా అని రాసిండా?" అంది. "నాతోని సంతకం పెట్టిచ్చుకోని?" టేపు కొస మాత్రం వదల్లేదు.

విచారణ రోజు ముగ్గురం వెళ్లాం. రెవెన్యూ అధికారి మధుసూదన్ సారు ముందు చరణ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు.

"తనిఖీల రొట్టెల దుకాణం ఉన్నదని రాసిన్రు. అర్జీల ఏ వ్యాపారం లేదని మీరు రాసిన్రు. ఏది నిజం?"

"లేదు సార్. ఆమె ఊకెనే ఇంట్ల ఉంటది. తెలిసినోళ్లు అడిగితే సరదాకు..."

ఇప్పుడు ఊరుకుంటే పన్ను తగ్గుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, రేపటి నుంచి మళ్లీ రొట్టెలు చేసుకోవచ్చు. దొంగతనంగా, సరదాగా.

"ఉన్నది సారూ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ముందరి అర్ర నా దుకాణం. దానికి దుకాణం పన్నే వెయ్యుండ్రి. మిగతాదంత మేముండే ఇల్లు. కిరాయికి ఇయ్యలే. పాత ఇల్లు. దానికి రావాల్సిన తగ్గింపు ఇయ్యుండ్రి. వాకిలికి కప్పు లేదు, దాన్ని గూడ కలిపిన్రు. మేం కొలుసుకొచ్చినం, మీరు గూడ ఒక్కసారి కొలిపియ్యుండ్రి."

చరణ్ నా మోచెయ్యి పట్టి గుంజాడు. సారు కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

"దుకాణం లేదని తేలితే మీకు ఇంక తగ్గుతుండె గదమ్మా?"

"ఎరికే సారూ. నాలుగేండ్ల సంది అందరు లేదనే చెప్తున్నరు. నేను గూడ లేదంటే, ఇగ నిజంగనే లేకుంట పోతది."

సారు అత్తమ్మ వైపు తిరిగాడు. "ఓనరు మీరు. మీరేమంటరు?"

అత్తమ్మ ముందుకు జరిగి కుర్చీలో కూర్చుంది. "నా కొడుకు రాసిన కాగితం మీద సదువకుంటనే సంతకం పెట్టిన సారూ. గా మాట నాది గాదు. నా కోడలు జెప్పిందే నా మాట."

మెట్లు దిగుతూ చరణ్, "నా ఇజ్జత్ తీసిన్రు ఇద్దరు గలిసి" అన్నాడు. ఇద్దరు అన్న మాట నాకు చాలా ముద్దుగా వినిపించింది.

ఒక మనిషిని పంపించి మళ్లీ కొలిపించారు. కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. నోటీసులో వేసిన దాంట్లో సగానికి పైగా తగ్గింది. పాత పన్ను కంటే కాస్త ఎక్కువ, అది నా దుకాణం వంతు. ముందరి అర్ర ఎదురుగా 'దుకాణం' అనీ, మిగతా ఇంటికి 'నివాసం' అనీ రాశారు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, బెంచీ మళ్లీ బయట వేశాను. వెనక వీధిలో బట్టలు కుట్టే అర్షియా ఈ సంగతి విని పరుగెత్తుకొచ్చి, "అక్కా, మాకు గూడ గట్లనే నోటీసొచ్చింది, నీ టేపు పట్కోని రా" అంది. ఆమె స్కూటీ వెనక కూర్చుని, గాలికి కొంగు ఎగురుతుంటే, నవ్వుతూ వెళ్లాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఎస్తేరూ, గది దుకాణమేనని ఇగ సర్కారే రాసింది. దుకాణం నీది. జాగ నాది. మరి నా కిరాయి?"

చరణ్ ఫకాలున నవ్వాడు. "ఇంట్లోళ్ల తాన కిరాయేందే అవ్వా?"

"నీకెందుకురా? నేను నా కిరాయిదారుతోని మాట్లాడుతున్న."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. నా దుకాణాన్ని దుకాణమని ఈ ఇంట్లో మొదట అన్నది ఆమే. ఊరికే ఒప్పుకోలేదు నేను, బేరమాడాను. ఆమె కూడా గట్టిగా బేరమాడింది. నెల మొదట్లో, కొడుకు చేతికి కాకుండా ఆమె చేతికే ఇవ్వాలని తేల్చుకున్నాం. మొదటి నెల కిరాయి అందుకున్నప్పుడు అంజవ్వ దాన్ని కొంగున ముడేసుకుని, ఆ పూటంతా తన ఇంట్లో తాను కొత్తగా తిరిగినట్టు తిరిగింది.

ఆ సాయంత్రం గిరాకీ అంతా పంపించి పొయ్యిలు ఆర్పాను. దుకాణం పిండి డబ్బాకు మూత పెట్టి, ముందరి అర్ర తలుపు దగ్గరికి వేశాను. చరణ్ వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసి బయటికి వచ్చాడు.

"మన ఇంట్లకు రొట్టెలేవి?"

నేను చేతులు తుడుచుకుని అత్తమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను. కోపం లేదు, భయం లేదు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది.

"వంటింట్ల పిండున్నది, పెంకున్నది" అన్నాను. "గది నివాసం కింద రాసిన్రు. గాడ పని ఇంట్ల ఉండేటోళ్లందరిది."