గుర్తులేని మడత

పారాచూట్లు మడిచే ఆ షెడ్డులో పట్టపగలు కూడా వెన్నెల కాసినట్టే ఉంటుంది. పైకప్పు దగ్గరి కిటికీల్లోంచి జారే వెలుగు పొడుగాటి బల్లల మీద పరిచిన తెల్లగుడ్డల్లో పడి మెత్తబడుతుంది. ఇరవై రెండేళ్లుగా అతను ఆ వెలుగులో నిలబడి గుడ్డ మడుస్తున్నాడు. దళంలో చిన్నా పెద్దా అందరూ అతన్ని మడతల మామ అంటారు. సైనికుడన్న మాటే గానీ తుపాకీ పట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా అక్కడ విమానంలోంచి దూకే ఎంతోమంది ప్రాణాలు అతని చేతుల మీదుగా వెళ్లినవే.

మడిచిన గుడ్డను వీపు సంచిలో సర్ది, కార్డు మీద సంతకం చేసి ఆ సంచి జేబులో దోపాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది: ఏడాదికి రెండు మూడుసార్లు మడిచినవాడే తన మడతతో దూకాలి. అందుకే అక్కడ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు.

ఆ వారం అతని చేతికి ఒక కాగితం వచ్చింది. ఇంకో నాలుగేళ్లు కొనసాగుతాడా, విరమించుకుంటాడా? ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలి. కాగితం చొక్కా జేబులో చెమటకు మెత్తబడుతోంది గానీ టిక్కు మాత్రం పడలేదు.

భార్య ఎప్పుడో తేల్చేసుకుంది. ఆమె పరదాలు కుడుతుంది. వీధివైపు గది ఖాళీ చేసి, కొత్త బల్ల ఎక్కడ వేయాలో నేల మీద సుద్దముక్కతో గీత కూడా గీసింది.

"నేను కుడతాను, మీరు కుచ్చులు పెట్టండి. మీకున్న చేతినేర్పు ఎవరికుందండీ?"

"పరదాలా? కుచ్చు తేడా వస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? విప్పి మళ్లీ పెడతాం."

"అదే మరి. ఎవరూ చావరు," అన్నాడు చిన్నబుచ్చుకుని.

"ఎవరూ చావకపోతే పని కాదా మహానుభావా?" అంటూ ఆమె దారం కొరికింది.

ఆ మాటకు అతనికి ఒళ్లు మండింది. కానీ ఆ సుద్దగీత మర్నాడు అతని వెంటే షెడ్డుకు వచ్చేసింది. పరిచిన గుడ్డ పరదాలా కనిపించసాగింది. ఎవరింటి కిటికీకో వేలాడుతూ, వెనక సాయంకాలపు ఎండ పెట్టుకుని, గాలికి పొట్ట ఉబ్బించేది. దాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. చేతుల పని చేతులు చేసుకుపోయేవి.

శుక్రవారం ఉదయం అరల్లోంచి సంచులు దించుతూ నలభై ఒకటో నంబరు కార్డు చూశాడు. నిన్నటి తేదీ. తన సంతకం. దాన్ని మడిచినట్టు అతనికి గుర్తే లేదు. నిన్నటి మధ్యాహ్నాన్నంతా మనసులో తవ్వి చూసుకున్నాడు. పరదాలకు లేత పసుపు బాగుంటుందా, నీలం బాగుంటుందా అని తర్జనభర్జన పడటం గుర్తొచ్చింది. మడత మాత్రం గుర్తుకు రాలేదు.

అనుమానమొస్తే విప్పి మళ్లీ మడవాలన్నది నియమం. అతను విప్పలేదు. విప్పితే గుడ్డ సంగతి తేలుతుంది గానీ తన సంగతి తేలదనుకున్నాడు. బుద్ధున్నవాడు చేసే పని కాదది. సంచి భుజాన వేసుకుని నేరుగా కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు.

"ఈరోజు ఇది నేను వేసుకుంటాను సార్."

"నీ వంతు వచ్చే నెల కదా మామా! సర్లే, సరదా పడుతున్నావు. వెళ్లు."

దూకాడు. ఒకటి, రెండు, మూడు. మూడుకీ నాలుగుకీ మధ్య నేల మీద తెల్లటి సుద్దగీత ఒకటి కనిపించినట్టయింది. నాలుగు అనేలోపు పైన గుడ్డ విచ్చుకుంది.

చప్పుడంతా ఆగిపోయింది. కింద ఇళ్లు, ఇళ్లకు కిటికీలు, నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా పైకి వస్తున్నాయి. ముక్కూ మొహం తెలియని వాడెవరో తన ప్రాణం కాపాడినట్టు అనిపించింది. మామ మీద నమ్మకంతో ఈ సంచి ఇంకెవరైనా వేసుకుని ఉండేవాడు కదా అని తట్టింది. ఆకాశం మధ్యలో, చూసేవాళ్లు లేనిచోట, వెక్కివెక్కి ఏడ్చాడు.

"భేషుగ్గా తెరుచుకుందిగా!" అన్నాడు కింద కెప్టెన్. "ఇంకో నాలుగేళ్లకు ఢోకా లేదు."

"తెరుచుకుంది సార్. మడిచింది ఎవరో నాకు తెలియదు."

జరిగింది చెప్పాడు. నిన్న తాను సంతకం పెట్టినవన్నీ విప్పించమన్నాడు. మిగిలిన పదకొండు సంచులూ బల్లల మీద విప్పారు. ఒక్క మడతా తప్పలేదు.

"చూశావా? నీ చేతులకు తిరుగులేదు. ఆలోచించుకో," అన్నాడు కెప్టెన్.

అతను కాసేపు ఆ తెల్లని బల్లల వంక చూశాడు. అక్కడే ఉండిపోవాలని ప్రాణం లాగింది. జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, రెండో గడిలో టిక్కు పెట్టాడు.

మూడు నెలల తర్వాత వీధివైపు గదిలో, సుద్దగీత ఉన్నచోట వేసిన బల్ల మీద, లేత పసుపు పరదా పరిచి ఉంది.

"ఏమండీ, ఎన్ని కుచ్చులు పెట్టారు దీనికి?"

"గుర్తులేదు," అన్నాడు. అని, అదిరిపడ్డాడు.

ఆమె వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. "ఒకటి ఎక్కువైంది," అని కత్తెర అందుకుంది.

అతను అటు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి విప్పారు.