ఐదో సంతకం

మా యానాంలో ఉన్న ఒక్క నోటరీ గారూ పోయాక, అఫిడవిట్ మీద ఒక్క సీలు కోసం జనం పనులు మానుకుని కాకినాడ బస్సెక్కుతున్నారు. ఆ ఖాళీ నాకు కావాలి. ఆడ లాయరుకు ఏడేళ్ల ప్రాక్టీసు ఉంటే చాలు, నాకు తొమ్మిదేళ్లుంది. యానాం పుదుచ్చేరి కిందది కాబట్టి దరఖాస్తు అక్కడికే పంపాలి. దాని మీద ఐదుగురు సంతకాలు చేయాలి: మేజిస్ట్రేటు, బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, స్థానికంగా పేరున్న ఇద్దరు.

నాలుగు సంతకాలు వారంలో అయిపోయాయి. రొయ్యల మేత షాపు గోపాలకృష్ణ గారు మాత్రం, "లాయరమ్మగారూ, ఇది హామీ సంతకం కాదు కదండీ?" అని మూడుసార్లు అడిగి చేశారు.

ఐదో సంతకానికి ఊళ్లో పెద్దమనుషులు కరువేమీ కాదు. నేను కావాలనే స్టీఫెన్ దగ్గరికి వెళ్లాను. ఇద్దరం ఒకే చర్చిలో పెరిగాం. పెళ్లి చేసుకుందామన్నాడు. లా అయ్యాక అన్నాను. లా అయ్యాక, ప్రాక్టీసు కాస్త కుదిరాక అన్నాను. నాలుగేళ్లు ఆగాడు. ఆ తర్వాత సౌజన్యను చేసుకున్నాడు. తప్పంతా నాదేనని తెలిసీ, ఎనిమిదేళ్లు అతని మీదే కోపం పెట్టుకుని బతికాను. అతని సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేదాన్ని.

ఇప్పుడు స్టీఫెన్ సొంతంగా స్కూలు నడుపుతున్నాడు. ఆఫీసు గదిలో ఫారం అతని ముందు పెట్టాను. పేరు, చిరునామా నేనే నింపి తీసుకెళ్లాను. మొత్తం చదివి, కాసేపు ఆగి, సంతకం పెట్టాడు. టీ తెప్పిస్తానన్నాడు. కోర్టు టైమైందని అబద్ధమాడి వచ్చేశాను.

రెండు నెలలకు పుదుచ్చేరి నుంచి ఉత్తరం వచ్చింది. నేను రాసిన అగ్రహారం చిరునామాలో స్టీఫెన్ అనే వ్యక్తి లేరని విచారణలో తేలిందట. పది రోజుల్లో సరిచేసి పంపకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారే, అది నేనే. క్లయింట్లను కామాకీ ఫుల్‌స్టాపుకీ తిట్టే మనిషిని, ఇప్పుడు ఇల్లెక్కడో అడగకుండా అతని పాత చిరునామా రాసేశాను.

స్కూల్లో వాకబు చేసి ఇంటికి వెళ్లాను. అడవిపొలం దాటాక రోడ్డు మీదే యానాం అయిపోయి ఆంధ్రా వస్తుంది. స్టీఫెన్ ఇల్లు అవతల ఉంది, కట్టి ఐదేళ్లయిందట. అంటే కొత్త చిరునామా రాసినా అతను స్థానికుడు కాడు. సౌజన్య నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"అడ్రస్ తప్పని చూసేవా?" అన్నాను.

"చూసేను."

"మరి చెప్పలేదేం? నా అప్లికేషన్ పోయేది."

"నీ చేత్తో రాసేవు కదా. డోర్ నంబరుతో సహా గుర్తుంది నీకు. కొట్టెయ్యబుద్ధి కాలేదు జోసెఫిన్. తప్పే, సారీ."

నా మీద నాకు ఎప్పుడూ రానంత ఏడుపు వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే దిగమింగుకున్నాను. కాఫీ తాగి, బాగుందని సౌజన్యకు చెప్పి లేచాను.

మర్నాడు కొత్త ఫారం రాశాను. మళ్లీ నలుగురి చుట్టూ తిరిగాను. ఐదో సంతకం యానాం లోపలే ఉన్న కనకాలపేట కృపమ్మ టీచరు గారు చేశారు. ఈసారి ఆవిడ ఇంటికెళ్లి, గుమ్మం మీది నంబరు చూసి మరీ రాసుకున్నాను.

ఇంటర్వ్యూ అయ్యాక సర్టిఫికెట్ వచ్చింది. అమ్మకు చూపించాను, చర్చిలో స్వీట్లు పంచాను. ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా పేరు, తేదీ, నా సంతకం చెల్లే పరిధి అన్నీ ఉన్నాయి. పరిధి యానాం ప్రాంతం వరకే. స్టీఫెన్ ఇల్లు అందులో లేదు.