బక్క గొర్రె గుండె

చెల్లెలి మొగుడి దవడ పగలగొట్టి, గది తలుపు గొళ్ళెంతో సహా ఊడబెరికి, ఆమెను భుజాన వేసుకుని ఆసుపత్రికి వచ్చాడు కసాయి. మూడు నెలలపాటు తాళం వేసి రోజుకో ముద్ద పడేశాడట ఆ నీచుడు. రోజూ గొర్రెల్ని మోసే భుజానికి చెల్లెలి బరువే తెలియలేదు. అదే అతని ఒళ్ళు మండించింది.

ఎక్స్‌రే తీశారు. నర్సు సెలైన్ పెట్టింది. ఒక చుక్క పడి, ఆగి, మరో చుక్క పడుతోంది.

"ఏంటిది, పిసినారి దీపంలో నూనె పోసినట్టు? పిల్ల ఎండిపోయి చస్తోంది. ఆ చక్రం పూర్తిగా తిప్పు!"

"కుదరదు. మెల్లగానే ఎక్కాలి."

కోపం కొందరికి చుట్టంలా వచ్చి పోతుంది. ఇతని దగ్గర కాపురమే పెట్టింది. నర్సు జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. అడ్డొచ్చిన కాపలావాడి మోచేతిని, అతను నడుమున దోపుకుని తెచ్చిన కత్తి చీరేసింది, నెత్తురు దుప్పటి మీద చిందింది. వార్డులో ఇంకెవరూ కదల్లేదు.

"తిప్పుతావా, గొంతు కొయ్యనా?"

ఆమె సెలైన్ గొట్టం వదల్లేదు. రెండో చేత్తో ఎక్స్‌రే వెలుతురుకు పట్టింది. "కోస్తే కొయ్యి. ముందు నీ చెల్లెలి గుండె చూడు. తిండిలేక కండ కరిగినట్టే ఇదీ కరిగింది. ఒక్కసారిగా నింపితే తోడలేక ఆగిపోతుంది."

గుండె కొలత అతనికి ఒకరు చెప్పాలా? కిందటేడు ఓ బక్క గొర్రెకు, తూకం పెరగాలని, పైపు పెట్టి నీళ్ళు పట్టాడు. ముక్కున నురగ కక్కి, కత్తి తగలకముందే కూలిపోయింది. కోసి చూస్తే గుండె నిమ్మకాయంత. అది చూపించి కొట్లో అందరినీ నవ్వించాడు కూడా.

చేతిలో కత్తి జారిపోయింది.

నర్సు పెదవి తుడుచుకుంది. "పోలీసులొచ్చేలోపు ఇదైనా నేర్చుకో. నోటికి గంటకు రెండు చెంచాల నీళ్ళే. మించితే చంపినట్టే."

చెల్లెలు కళ్ళు తెరిచింది. "అన్నయ్యా, నీళ్ళు."

ఒక చెంచా పోశాడు. మళ్ళీ అడిగింది. ఇంకోటి పోశాడు. మూడోసారి అడిగింది. పక్కనే బల్ల మీద నిండు చెంబు ఉంది. దవడలు పగలగొట్టిన చెయ్యి దాని దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

"చాలమ్మా. కాసేపాగు."

ఆమె చెంబు వంక చూసింది. తర్వాత అన్న వంక చూసింది.

"ఆయనా ఇలాగే అనేవాడు" అంది.