ఏడుసార్లు తిరిగొచ్చిన ఉత్తరం

మంత్రిగారి పేరు మీద ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఈలోపు పదకొండుమంది మంత్రులు మారారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా వాళ్ల ఇష్టాయిష్టాల కాగితం ఒకటి మా సెక్షన్‌కి దిగేది. ఒకాయనకి సెమీకోలన్ పడదు. ఒకావిడకి ‘దయచేసి’ అంటే చిరాకు. ఇప్పటి మంత్రిగారిది ఏకంగా నాలుగు పేజీలు. వాక్యంలో పద్దెనిమిది మాటలు మించకూడదు, బ్రాకెట్లు వద్దు, ఆశ్చర్యార్థకం కనపడితే కాగితం వెనక్కి. నవ్వుకుని గోడకి అంటించాను.

విరాబీన్ ఉత్తరంతో ఆ నవ్వు పోయింది. ఆ ఊరి నుంచి వారానికి మూడుసార్లు ఒక చిన్న బస్సు, తొమ్మిదిమందిని నూట నలభై కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్తుంది. జూన్ ముప్పయితో దాని అనుమతి అయిపోతుంది. ఎనిడ్ గాస్లింగ్ అనే పెద్దావిడ గీతల కాగితం మీద రాసింది, తన భర్త ఆ బస్సులోనే వెళ్తాడని, తనకి కారు నడపడం రాదని. మా శాఖ సరేనంది. మంత్రిగారి సంతకంతో జవాబు ముప్పయ్యో తేదీలోపు వెళ్తే చాలు, బస్సు ఇంకో ఏడాది నడుస్తుంది.

రాసిన ఉత్తరం మర్నాడే వెనక్కొచ్చింది. మా సెక్షన్ అధికారి డెస్మండ్ టల్లీ పసుపు చీటీ అంటించి నా బల్ల మీద పెట్టాడు. రోజూ పొద్దున్నే నాకు టీ కలిపిచ్చే మనిషి, నా కప్పులో పాలెంత పొయ్యాలో కూడా తెలుసు.

“పైనుంచి ఫోనొచ్చింది లొరెల్. రెండో పేరాలో కామాలు ఎక్కువయ్యాయంట.”

తీసేశాను. మూడో రోజు మళ్లీ చీటీ.

“ఇప్పుడు చదువుతుంటే ఊపిరాడట్లేదంట.”

“కామాలు తీసేయమన్నది వాళ్లే కదా డెస్.”

“నన్నంటే ఏం లాభం? వాళ్లు చెప్పింది చేరవేసేవాణ్ణి నేను.”

కామాలు మళ్లీ పెట్టాను. అయిదోసారి తేదీ రాసిన తీరు నచ్చలేదు. ఏడోసారి ‘బస్సు’ అన్న మాట మరీ మొరటుగా ఉందట. అప్పటికి జూన్ ఇరవైనాలుగు. నాకు ఒళ్లు మండింది, దానితోపాటు అనుమానమూ పుట్టింది.

అదే వారం ఒకాయన కొండ మీద బెంచీ వేయించమని అడిగాడు. కుదరదని రాయాలి. అందులో కావాలనే మూడు సెమీకోలన్లు, రెండు బ్రాకెట్లు, ముప్పయ్యారు మాటల వాక్యం ఒకటి ఇరికించాను. చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా సంతకంతో వచ్చేసింది.

అయితే కామాల గొడవ కాదన్నమాట ఇది. మంత్రిగారికి ఆ బస్సు ఆగిపోవాలి, కానీ ఆపింది తనేనన్న మాట రాకూడదు. అలా అనుకున్నాను. ఎదురుగా గోడ మీదున్న నాలుగు పేజీలని చూస్తే కంపరం పుట్టింది.

ఇరవై ఎనిమిదో తేదీ పదిన్నరకి మంత్రిగారు మా అంతస్తుకి టీకి వచ్చారు. నేను ఉత్తరం మడవకుండా ఫైల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చేతిలో కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకు ముక్కతో ఒక్కొక్కరినీ పలకరిస్తూ నా దగ్గరికొచ్చారు.

“మీరేం చేస్తుంటారండీ?”

“మీ నాలుగు పేజీల ప్రకారం ఉత్తరాలు రాస్తుంటాను మినిస్టర్.”

“నాలుగు పేజీలా? అక్షరాలు కాస్త పెద్దవిగా వెయ్యమన్నా, అంతే. నాకు చూపు ఆనదు.”

“మరి విరాబీన్ బస్సు ఉత్తరం ఏడుసార్లు తిప్పి పంపారు కదండీ.”

“ఏ బస్సు?”

నేను డెస్ వైపు చూశాను. అప్పటికే ముక్కలు చేసిన కేకుని మళ్లీ కోస్తున్నాడు. ఆ ఫైలు అడుగున రెండేళ్ల నాటి నివేదిక ఒకటుంది. విరాబీన్ బస్సు ఎవరూ ఎక్కరు, దండగ అని రాసింది అతనే. ఉత్తరం రాసేటప్పుడు అది చూసి కూడా పేజీ తిప్పేశాను. బస్సు నడవాలని మంత్రి సంతకం పెడితే, ఆ నివేదిక అబద్ధమని తేలిపోతుంది.

మంత్రిగారు ఉత్తరాన్ని కళ్లకి దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చదివారు. పెన్ను అడిగి, కేకు పళ్లెం పక్కకి జరిపి ఆ బల్ల మీదే సంతకం పెట్టారు. సంతకం కింద కొబ్బరి పొడి అంటుకుంది.

“ఇవాళే పంపించండి,” అన్నారు.

అందరూ వెళ్లాక డెస్ సింకు దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“నన్ను దాటేసి వెళ్లావు లొరెల్.”

“ఫోన్ చేసిందెవరు డెస్?”

అతను నా కప్పు కడిగి బోర్లించాడు.

ఉత్తరం తపాలాకి ఇచ్చి వచ్చాను. సంతోషంగా ఉండాల్సింది. కూర్చోలేక పాత బీరువా తెరిచాను. మూడేళ్ల కిందటి ఫైలొకటి చేతికొచ్చింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, వారానికోసారి వచ్చే నర్సుని తీసెయ్యొద్దని అడిగారు. లోపల నాలుగు పసుపు చీటీలు, నేను దిద్దిన నాలుగు ప్రతులు. ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. నాలుగోది రాసిన రోజు నన్ను నేను మెచ్చుకున్న సంగతి గుర్తుంది. అట్ట మీద, ‘గడువు దాటింది, జవాబు అవసరం లేదు’ అని రాసి ఫైలు మూసేశారు. ఆ చేతిరాత నాదే.