కిల్‌బ్రైడ్ ఆటలో ఏడోవాడు

మా థాకబెరి దొరకు ఒకరికి ఉన్నది తనకు లేకపోతే నిద్రపట్టదు. వెండి గని ఆయనది. నేను భోజనశాల నడిపే ఇల్లు ఆయనది. చర్చికి గంట కొనిపెట్టింది కూడా ఆయనే. ఆ ఏడాది సరస్సు అవతలి ఒడ్డున ఉన్న కిల్‌బ్రైడ్ గని దొర మంచు మీద ఆడే హాకీ జట్టు పెట్టాడని తెలియగానే మా దొరకు తిన్నది అరగలేదు. రైల్లో మనిషిని పంపి, ఆటావా నుంచీ మాంట్రియల్ నుంచీ ఆరుగురు ఆటగాళ్లను కొనుక్కొచ్చాడు.

జీతమిచ్చి ఆట ఆడించడం అప్పటికి కొత్త. మా నాన్న బతికుంటే, కర్రతో రబ్బరు బిళ్లను తోసినందుకు కూలి ఇస్తే, రేపు గురకపెట్టినందుకూ ఇస్తారని నవ్వేవాడు. ఆ ఆరుగురూ నా ఇంట్లోనే దిగారు. ఒక్కొక్కడూ కుండెడు బఠాణీ సూపు తాగి, పంది మాంసం ఇంకా రాలేదేమని వంటింటి వైపు చూసేవాడు.

ఏడోవాడు మాత్రం మా ఊరివాడు, నా తమ్ముడు ఎమ్మెట్ కొరిగన్. ఊరివాడు ఒక్కడైనా లేకపోతే జనానికి ఊపు రాదని దొర వాణ్ని తీసుకున్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ గడ్డకట్టిన సరస్సు మీద పెరిగినవాడు. పెద్ద చురుకైనవాడు కాదు గానీ అడ్డం నిలబడితే గోడే.

వాడికి ఆ ఆట ఎందుకు కావలసి వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు. అంతకు ముందు వసంతంలో గనిలో పైకప్పు కూలింది. ఎమ్మెట్, వాడి జతగాడు టాడీ ఒక మూల చిక్కుకుపోయారు. రాళ్లు తవ్వి తీసేసరికి టాడీ చచ్చి చాలాసేపైంది. వాడి తల నా తమ్ముడి ఒళ్లోనే ఉంది. ఆనాటి నుంచి ఎమ్మెట్ మా ఇంటి నేలమాళిగలోకి బంగాళదుంపల కోసం కూడా దిగలేకపోయాడు. మెట్టు మీద కాలు పెట్టగానే చెమటలు కారేవి, పళ్లు కొట్టుకునేవి. నేను చూడనట్టు నటించి దుంపలు నేనే తెచ్చుకునేదాన్ని.

జట్టు కుదిరిన రోజు దొర నా భోజనాల బల్ల దగ్గరికే వచ్చాడు. విస్కీ అందరికీ తానే పోశాడు.

"వినండర్రా. కిల్‌బ్రైడ్ వాళ్ల చేతుల్లోంచి ఈ ఏటి వెండి కప్పు లాక్కొచ్చిన ఏడుగురూ నేను బతికుండగా కూలికోసం వెతుక్కోనక్కర్లేదు. ఎమ్మెట్, నీ సంగతి నాకు తెలుసు. నువ్వు మళ్లీ కిందికి దిగక్కర్లేదు. పైన సామాన్ల గిడ్డంగి నీది. సరేనా?"

"సరే దొరా," అన్నాడు ఎమ్మెట్.

"అక్క ముందు చెప్తున్నాను. సాక్ష్యం ఉంది కదా డెలియా?"

"ఉంది దొరా. బల్ల కూడా వింది," అన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం గుండెల మీంచి బండ ఎవరో దించినట్టనిపించింది.

క్రిస్మస్ దాకా మాకు తిరుగులేదు. రింకు అంటే పెద్ద చెక్కల కొట్టం, మంచు దేవుడిచ్చిందే. చలి ఎంత గట్టిగా ఉంటే ఆట అంత బాగుంటుంది. జనం వేడి ఇటుకలు గోనెలో చుట్టుకొచ్చి కాళ్ల కింద పెట్టుకుని అరిచేవాళ్లు. ఊళ్లో పనిమనుషుల దగ్గర్నుంచి పాదిరి దాకా అందరూ పందేలు కట్టేవాళ్లే. పాదిరి కట్టలేదంటాడు. వాళ్లావిడ కట్టిందని నాకు తెలుసు.

జనవరిలో మా కెప్టెన్ క్లెగ్ ఒక పొద్దున గుడ్లు తిని, మూతి తుడుచుకుని, "రైలు చూసొస్తా" అన్నాడు. చూడటమే కాదు, ఎక్కేశాడు కూడా. దక్షిణాన ఏదో జట్టు ఇంకాస్త ఎక్కువ ఇస్తానందట. వాడి వెనకే ఇంకొకడు పోయాడు. దొర గోలపెట్టి, ఎక్కడెక్కడి నుంచో ఇద్దరిని పట్టుకొచ్చాడు. ఒకడికి ఆట వచ్చు, ఊపిరి లేదు. ఇంకొకడికి ఊపిరి ఉంది, ఆట రాదు. కెప్టెన్ పని ఎవడూ ముట్టుకోలేదు. ఓడితే దొర తిట్లు తినాల్సింది కెప్టెనే మరి. అది ఎమ్మెట్ మెడకు చుట్టుకుంది.

ఆ తర్వాత వరసగా ఓడాం. ఊరు మొహం మార్చేసింది. నిన్నటిదాకా "మా ఎమ్మెట్" అన్నవాళ్లే వాడు వీధిలో కనిపిస్తే తుపుక్కున ఉమ్మడం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో ఎవడో కర్ర పోటుతో వాడి పక్కటెముకలు చిట్లాయి. నేను పాత దుప్పటి చింపి గట్టిగా కట్టేదాన్ని. వాడు నెల రోజులు వంగి స్కేట్లు కట్టుకోలేకపోయాడు. మా గోలుకీపరు ఒవిడ్ లాఫ్లామ్ మోకాళ్ల మీద కూర్చుని వాడికి కట్టేవాడు.

"గోలు దగ్గర మోకాళ్లు ఆనిస్తే రిఫరీ తప్పు పడతాడు," అనేవాడు ఒవిడ్. "నీ ముందు ఆనిస్తే ఎవడూ ఏమీ అనడు. ఆ మాత్రం సుఖం నన్ను పొందనీ."

ఒవిడ్ ఒక్కడే వాణ్ని నవ్వించేవాడు. మిగతా వేళల్లో ఎమ్మెట్ నోట ఒకటే మాట.

"అక్కా, కిల్‌బ్రైడ్‌తో చివరి ఆట ఒక్కటి గెలిస్తే చాలే. కప్పు దానిమీదే ఉంది."

"గెలుస్తార్రా."

"గెలవకపోతే?"

నేను వాడి కట్టు ఇంకాస్త బిగించాను.

మార్చిలో, శనివారం మధ్యాహ్నం ఆట పెట్టారు. మంచు అప్పటికే మెత్తబడింది. మీద నీటి పొర. బిళ్ల జారడం మానేసి కప్పలా గెంతుతోంది. కిల్‌బ్రైడ్ జనం గుర్రపు బళ్ల మీద సరస్సు దాటి వచ్చారు. వాళ్ల దొరా మా దొరా పక్కపక్కన కూర్చుని, పళ్లు బయటపెట్టి పలకరించుకున్నారు. నేను ముందు వరసలో, చెక్క దడి పక్కనే నిలబడ్డాను.

మా వాళ్లు ప్రాణాలకు తెగించి ఆడారు. రెండో సగం సగానికి వచ్చేసరికి మాకు ఆరు గోల్స్, వాళ్లకు అయిదు. ఎమ్మెట్ మొహం పాలిపోయింది. ఒక్కొక్క అడుగుకూ పక్క పట్టుకుంటున్నాడు. వాణ్ని దాటి పోతున్న ప్రతివాడూ అవలీలగా దాటుతున్నాడు. అది నేను చూశాను. వాడికీ తెలుసు.

అప్పుడే కిల్‌బ్రైడ్ వాడొకడు దడికి గుద్దుకుని పడ్డాడు. కాలు విరిగింది. కేకలు పెడుతుంటే మోసుకుపోయారు. ఇక లేవడు.

మా ఆటలో ఏడుగురికి ఏడుగురే. రెండో సగంలో ఒకడు దెబ్బతిని పోతే, తేల్చవలసింది అవతలి కెప్టెన్. బదులు మనిషిని రానివ్వాలి, లేదా తన వాళ్లలో ఒకణ్ని బయటికి పంపి ఆరుకు ఆరు చెయ్యాలి. కిల్‌బ్రైడ్ వాళ్లు ఆ పూట రైల్లో బుల్మర్ అనేవాణ్ని తెప్పించి, కోటు కప్పి బెంచీ మీద కూర్చోబెట్టారు. టొరంటో దాకా వాడంత వేగం గలవాడు లేడు. వాడు అప్పుడే కోటు విప్పుతున్నాడు.

రిఫరీ వచ్చి అడిగాడు. "ఏం చేస్తావు కొరిగన్?"

"బుల్మర్ రాకూడదు," అన్నాడు ఎమ్మెట్. "మా వాణ్ని ఒకణ్ని పంపుతాను."

"ఎవణ్ని?"

మా జట్టు వాళ్లు చుట్టూ మూగారు. ఒవిడ్ గోలు వదిలి పరుగున వచ్చాడు. "ఆ ఊపిరి లేనివాణ్ని పంపరా, కొత్తవాణ్ని. ఆలోచించకు."

"వాడు ఇప్పుడే రెండు గోల్స్ వేశాడు ఒవిడ్."

"అయితే నన్ను పంపు. గోలు ఖాళీగా పెట్టినా ఫరవాలేదు గానీ నువ్వు మాత్రం పోకు."

ఎమ్మెట్ ఉద్దేశం నాకు అర్థమైంది. నేను దడి మీదికి వంగి గొంతు చించుకుని అరిచాను.

"ఎమ్మెట్! నువ్వు బయటికి రావద్దురా! నా మాట విను!"

వాడు నా వైపు చూశాడు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, వాడు నవ్వాడు. చిన్నప్పుడు ఆఖరి రొట్టెముక్క నా కంచంలో పడేసి నవ్వినట్టే నవ్వాడు.

"అక్కా, నా కాళ్లు ఆడట్లేదే. నేనుంటే ఓడిపోతాం," అన్నాడు. రిఫరీకి చెప్పి, కర్ర చంకలో పెట్టుకుని, మంచు మీంచి బయటికి వచ్చేశాడు.

జనం లేచి నిలబడ్డారు. కిల్‌బ్రైడ్ వాళ్లు కూడా టోపీలు తీశారు. "పెద్దమనిషి! పెద్దమనిషి!" అని ఒకటే అరుపులు. నేను వాడి భుజం మీద దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను. వాడి చెయ్యి నా చేతిలో మంచుగడ్డలా ఉంది. ఒవిడ్ ఆ కాసేపూ ఒక్క బిళ్లను కూడా లోపలికి పోనివ్వలేదు. గెలిచాం.

ఆ సాయంత్రం గని కూలీలు ఎమ్మెట్‌ను భుజాల మీద ఎత్తుకుని వీధులన్నీ తిప్పారు. పక్కటెముకల నొప్పికి వాడు కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, సంతోషంతో ఏడుస్తున్నాడని ఇంకా ఎగరేశారు. వాడు మాత్రం నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఆదివారం నాడు గిడ్డంగిలో అరలు ఎలా సర్దాలో ఒవిడ్‌కు చెప్తూ కూర్చున్నాడు. ఒవిడ్ తర్వాతి రైలుకు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు అప్పటికే పోయారు.

సోమవారం షిఫ్టుకు రమ్మని గని నుంచి మనిషి వచ్చాడు. గిడ్డంగికి కాదు, కిందికి.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. చేతులు తుడుచుకోకుండానే దొర ఇంటికి పరుగెత్తాను. కప్పు ఆయన బల్ల మీదే ఉంది, తళతళా మెరుస్తూ.

"దొరా, మీ మాట మరిచారా?"

"ఏ మాట?"

"కప్పు తెచ్చిన ఏడుగురికీ అని నా ఇంట్లో కూర్చుని చెప్పారు."

"ఏడుగురా?" అని దొర తాపీగా చుట్ట వెలిగించాడు. "గంట కొట్టేసరికి మంచు మీద ఎంతమంది ఉన్నారు డెలియా? నేను ఆరుగురినే చూశాను."

"వాడు ఆట కోసం బయటికి వచ్చాడు. మీ కోసం వచ్చాడు!"

"నేను రమ్మన్నానా? మన జట్టులో పనికిరానివాడెవడో చెప్పమంటే, కెప్టెనే తనను చూపించుకున్నాడు. కెప్టెన్ మాట నేనెలా కాదంటాను?"

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, తెప్పే తనంతట తాను తగలబడిందని చెప్పేవాణ్ని అప్పుడే చూశాను. మోకాళ్ల మీద పడ్డాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆయన బూట్లు పట్టుకున్నాను.

"వాడు కిందికి దిగలేడు దొరా. దిగితే బతకడు. ఊడ్చే పనైనా సరే, పైన ఇవ్వండి."

"ఊడ్చేవాళ్లున్నారు. గనికి దిగని మగవాడు గని ఇంట్లో ఎందుకు డెలియా? ఆ ఇల్లు గని మనుషులకు కట్టింది. వాడు రానంటే చెప్పు, నీ పొయ్యి దగ్గరికి వేరే ఆవిణ్ని చూస్తాను."

ఇంటికి వచ్చి ఎమ్మెట్‌కు మొదటి సగం మాత్రమే చెప్పాను. ఇంటి సంగతి దాచాను. కానీ దొర మనిషి గుమ్మంలో నిలబడి ఆ సంగతి కూడా విప్పి వెళ్లాడని తర్వాత తెలిసింది.

"పోదాం పదరా," అన్నాను. "ఇద్దరం రైలెక్కుదాం. ఎక్కడైనా అంట్లు తోముకుని బతుకుతాను."

"చిట్లిన ఎముకలతో నన్నెవడు తీసుకుంటాడే? నిన్ను వీధిలో పెట్టి నేను గాలి పీల్చనా?" అన్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. వంగలేక ఆయాసపడుతుంటే తాళ్లు నేనే కట్టాను. నా చేతులతో నేనే కట్టాను.

మనుషుల్ని తాడు మీద గనిలోకి దించే బోను దాకా వాడి వెంట నడిచాను. కూలీలు వాణ్ని చూసి ఈలలు వేశారు.

"కెప్టెన్ వచ్చాడ్రోయ్! దారివ్వండి! మధ్యలో నిలబెట్టండి దొరబాబుని!"

ఎమ్మెట్ అంచున, వెలుతురు వైపు నిలబడదామని చూశాడు. వాళ్లు గౌరవం కొద్దీ బోను మధ్యలోకి తోశారు. చుట్టూ పెద్ద పెద్ద కోట్లు. వాడి మొహం మాత్రం కనిపించింది. చెమటతో తడిసిపోయింది.

"అక్కా, నువ్వు ఇంటికి పో," అన్నాడు. తలుపు వేశారు. బోను దిగిపోయింది.

నేను రెండడుగులు వేశానో లేదో, కింద నుంచి కేక వచ్చింది. మాట కాదు. పశువును కోసేటప్పుడు వచ్చే గొంతు. తర్వాత "అక్కా" అని విడిగా వినిపించింది. మళ్లీ, ఇంకా కింద నుంచి, మళ్లీ.

నేను బోను తాడు చుట్టే ఇంజను నడిపే వైనో మీద పడ్డాను. "ఆపు! పైకి లాగు! నా తమ్ముడు!"

వైనో కళ్లు తాడు మీదే ఉన్నాయి. "బోనులోంచి గంట కొడితేనే నేను ఆపాలమ్మా. నా అంతట నేను ఆపితే అందరి ప్రాణాల మీదికీ వస్తుంది. గంట కొట్టనీ. ఒక్కసారి కొట్టనీ, వెంటనే లాగేస్తాను."

ఇద్దరం ఆ గంట వైపే చూస్తూ నిలబడ్డాం. తాడు దిగుతూనే ఉంది, గంట మాత్రం మోగలేదు. గంట తాడు బోనులో తలల పైనే వేలాడుతుంది, ఎవడు చెయ్యెత్తినా అందుతుంది. శనివారం నా తమ్ముణ్ని భుజాలకెత్తుకున్న వాళ్లంతా వాడి చుట్టూ ఉన్నారు. ఒక్కడూ చెయ్యెత్తలేదు.