గ్రూపు పేరు రాయని ఫ్లెక్సీ

చరిత్ర చదివితే పిల్ల ఎందుకూ పనికిరాకుండా పోతుందని నా బావమరిది రఘురామ్ ఆస్పత్రి మంచం మీదున్న నా భార్యతో చెప్పాడు. సీతామహాలక్ష్మి ఆ మాట నమ్మింది. ఆ దిగులుతోనే పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

జబ్బు కిడ్నీలది. అది అతను తెచ్చింది కాదు. దిగులు మాత్రం అతను తెచ్చిందే. ఆ మాట అతను వెనక్కి తీసుకోవాలి, అదీ నలుగురి ముందు. అప్పట్లో నాకు కావలసింది అదొక్కటే.

రఘురామ్ అమీర్‌పేటలో ఒక పెద్ద జూనియర్ కాలేజీలో అడ్మిషన్లు చూస్తాడు. పదో తరగతి ఫలితాలు రాకముందే మా అమ్మాయి మంజూషను అక్కడ ఎం.పి.సి.లో చేర్పించాడు. అది మూడు వారాలు వెళ్ళింది. తరవాత ఒక సాయంత్రం పుస్తకాల సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"నాన్నా, నేను హెచ్.ఇ.సి.కి మారిపోతాను."

"అదేంటి?"

"హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. నాకు కావాల్సింది హిస్టరీ."

"చదివి ఏం చేస్తావు?"

"ముందు చదవనీ. తరవాత చెప్తాను."

నేను మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. రాజుల పేర్లు బెత్తం దెబ్బలతో వచ్చాయి. బెత్తం పోగానే అవీ పోయాయి. కాబట్టి నేను ఒప్పుకున్నది చరిత్ర మీద మోజుతో కాదు. పిల్ల అన్నం మానేసింది. పైగా రఘురామ్ వద్దన్నాడు. ఆ రెండు కారణాలూ నాకు చాలు.

అతను వద్దన్నది ఆస్పత్రిలోనే. "బావగారూ, ఆ గ్రూపులో చేరేది మొద్దులండీ. అక్కా, నువ్వైనా చెప్పు. చరిత్ర చదివితే ఇది ఎందుకూ పనికిరాకుండా పోతుంది" అన్నాడు. సీతామహాలక్ష్మి నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడికి ఇవన్నీ తెలుసండీ" అంది. ఆమె ఆ వర్షాకాలం దాటలేదు.

పంజాగుట్టలో నాకు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. దాని వెనక సందులో ఉన్న ఒక చిన్న కాలేజీలో మంజూష చేరింది. మధురానగర్‌లో మేము అద్దెకుండే ఇంటావిడ కుసుమకుమారి గారు అడిగింది, "హెచ్.ఇ.సి. అంటే ఏంటండీ, కొత్తగా వచ్చిన కంప్యూటర్ కోర్సా?" అని.

"చరిత్ర" అన్నాను.

"అయ్యో. తల్లి ఉంటే ఇలా కానిచ్చేదా?" అంది. అప్పట్నించి ఆవిడ మిషన్ నేను ముట్టుకోలేదు.

చరిత్ర చెప్పేది కుల్సుం గారు. మొదటి పరీక్షలో మంజూషకు సగం మార్కులే వేసింది. నేను దుకాణం మూసి కాలేజీకి వెళ్ళాను.

"గైడులో ఉన్నది ఒక్క అక్షరం పోకుండా రాసింది కదమ్మా" అన్నాను.

"అందుకే సగం ఇచ్చిన భాయ్ సాబ్. మిగిలిన సగం గా గైడు రాసినాయనకు ఇయ్యాలె."

మంజూష నవ్వింది. నేను నవ్వలేదు.

"కోట రాజు కట్టించిండని రాసింది బేటా. రాజు కట్టించిండని చెప్పింది ఎవరు? రాజు కాడ జీతం తీసుకునేటాయనే గద. మరి రాళ్ళు మోసినోళ్ళు ఏమన్నరు? వాళ్ళ మాట యాడ దొరుకుతది? గది అడగాలె. అడిగినంక రాయాలె. మీరు జర ఫికర్ చేయకుండ్రి."

ఫికర్ తరవాత మొదలైంది, అదీ నాకు. మంజూష సాయంత్రాలు దుకాణంలో కూర్చునేది. మా ఊరికి మొదటి కుట్టుమిషను ఎప్పుడొచ్చిందని అడిగేది. నేను ఏదో ఒక సంవత్సరం చెప్తే, ఎవరు చెప్పారు, ఆయన చూశాడా విన్నాడా అని నిలదీసేది. వచ్చినవాళ్ళ ముందే. నాకు తెలియదని ఒప్పుకునేదాకా వదిలేది కాదు. అలా రెండేళ్ళు గడిచాయి. దానికి ఇంట్లో పాత పేపరు కనిపిస్తే చాలు, అన్నం చల్లారిపోయేది.

రెండో ఏడు ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో ఆ గ్రూపులో అందరికన్నా మార్కులు మంజూషకే ఎక్కువ. చరిత్రలో రెండేళ్ళకూ కలిపి రెండు మార్కులు పోయాయి. అవి ఎందుకు పోయాయో తెలియక కుల్సుం గారికి ఇప్పటికీ కోపం.

ఆ వారంలోనే పక్క దుకాణం సొహైల్ పరుగున వచ్చాడు. "అన్నా, అమీర్‌పేట మెట్రో కాడ మన మంజు ఫోటో మస్తు పెద్దగ పెట్టిండ్రు. గానీ మంజు టై ఎప్పుడు కట్టింది?"

నేనూ మంజూషా వెళ్ళాం. రఘురామ్ కాలేజీ గోడ మీద ఫ్లెక్సీ, నడిమధ్యన నా కూతురు. మెడ దాకా మంజూషే. మెడ కింద ఆ కాలేజీ వాళ్ళ కోటు, టై. చుట్టూ ఉన్న పిల్లల పేర్ల కింద ఎం.పి.సి. అనో బై.పి.సి. అనో ఉంది. మంజూష పేరు కింద మార్కులే ఉన్నాయి, గ్రూపు లేదు. ఆ వీధిలో తల్లిదండ్రులు ఫ్లెక్సీ మీద అంకె చూసి లోపలికి వెళ్తారు. అంకె పెద్దదైతే దేంట్లో వచ్చిందని అడిగేవాళ్ళు తక్కువ.

లోపల హాలు నిండా జనం. రఘురామ్ మమ్మల్ని చూసి లేచాడు. నలుగురిలో బంధువులు నోరెత్తరనుకున్నాడు. అది అతని లెక్క.

"రండి బావగారూ! రామ్మా మంజూ! ఇదిగోనండీ, బయట చూశారే, మా టాపర్. మా మేనకోడలు కూడాను."

"మావయ్యా, నేనిక్కడ ఎప్పుడు చదివాను?" అంది మంజూష.

"అదేంటమ్మా, చేరింది ఇక్కడే కదా."

"మూడు వారాలు."

"మూడు వారాలైనా పునాది పునాదే కదమ్మా!" అని రఘురామ్ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

ముందు వరసలో ఒకాయన కొడుకుతో కూర్చున్నాడు. పేరు సురేందర్ అని తరవాత తెలిసింది. ఆయన లేచాడు.

"సార్, అందరికి గ్రూపు రాసిండ్రు, గీ పాపకు రాయలే. ఏం గ్రూపు?"

"గ్రూపుదేముందండీ, టాలెంట్ ముఖ్యం."

"గట్లంటే ఎట్ల సార్? మార్కులు దేంట్ల వచ్చినయో తెల్వాలె గద."

"చెప్పు మావయ్యా" అంది మంజూష. గొంతు పెంచలేదు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"హెచ్.ఇ.సి." అన్నాడు రఘురామ్.

"గదేంది?"

"చరిత్ర."

"చరిత్ర చదివితే గిన్ని మార్కులా! మా అభిలాష్ లెక్కలంటే ఏడుస్తడు. పాత ముచ్చట్లంటే మాత్రం తిండి సుత మరుస్తడు. మీ కాడ ఉందా సార్ గా గ్రూపు?"

"లేదు."

"మరి పాప గీడ ఎట్ల చదివింది?"

వెనక ఎవరో పకపకా నవ్వారు. తరవాత హాలంతా నవ్వింది.

"నేను చదివింది పంజాగుట్టలో అంకుల్, కుల్సుం మేడం దగ్గర. డిగ్రీలో కూడా చరిత్రే చదువుతాను" అని మంజూష రఘురామ్ వైపు తిరిగింది. "ఫ్లెక్సీ ఉంచుకో మావయ్యా. టై తీసెయ్యి. నా కాలేజీ పేరు రాయి, గ్రూపు రాయి. నిజం రాస్తే నాకేం అభ్యంతరం లేదు."

"బావగారూ, మీరైనా చెప్పండి. నా ఉద్యోగం పోతుంది."

"మీ అక్కతో అన్న మాట ఇక్కడ చెప్పు" అన్నాను.

అతనికి ఏ మాటో అర్థమైంది. అడగలేదు.

"చరిత్ర చదివితే ఎందుకూ పనికిరాదని అన్నాను."

"గట్టిగా."

"అన్నాను. తప్పు మాట అన్నాను." మంజూష ముఖంలోకి చూసి అన్నాడు. "నువ్వు గెలిచావమ్మా."

ఫ్లెక్సీలో నిజం రాయడం వాళ్ళ వల్ల కాలేదు. మేము నిలబడి ఉండగానే తాళ్ళు కోసి దించారు. మెట్రో మెట్ల మీద జనం ఆగి చూశారు. సురేందర్ కొడుకును బండెక్కించుకుని, "పంజాగుట్టల ఏ సందు బిడ్డా?" అని మంజూషను అడిగి ముందే వెళ్ళిపోయాడు. మేము పంజాగుట్ట దాకా మండుటెండలో నడిచే వెళ్ళాం. బస్సులు వచ్చాయి, ఎక్కలేదు. రోడ్డంతా తనదే అన్నట్టు మంజూష ముందు నడిచింది. అంత గొప్ప ఎండ నేను మళ్ళీ చూడలేదు.

రఘురామ్ మాట వెనక్కి తీసుకున్నాడు. వినాల్సిన మనిషి వినలేదు. క్షమించమని అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. ఎత్తను. మంజూష గెలిచింది, నేనూ గెలిచాను, అతను ఓడాడు. ఒక్కసారి రాశాను, అయిపోయింది. ఈ సంగతి ఇక ఎవరడిగినా నేను మాట్లాడను.