అత్తగారి బరువుకు సరిచేసిన కారు

మంచు కరిగి అమెరికాలోని డులూత్ ఊరి రోడ్లు గుంతలమయం అయ్యేసరికి ఆర్విల్ కారు గుర్రంలా ఎగరసాగింది. కుదుపులు ఆపాల్సిన వెనక షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే తీసేసి, గాలి నింపే రకం కొత్తవి తనే బిగించాడు. దాంతో కారు తోక పైకి లేచి, ముక్కు నేలను వాసన చూస్తున్నట్టు నిలబడింది.

టేపు పట్టుకుని ఎత్తు కొలుస్తుండగా అత్తగారు హేజెల్ చర్చి హాల్లో జరిగే బింగో ఆటకి ముస్తాబై వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"అత్తయ్యా, పది నిమిషాలు దిగుతారా?"

"ఎక్కడానికే మోకాళ్లు పోయాయి. నన్ను కదపకుండా నీ పని కానివ్వు, అల్లుడూ."

ఆర్విల్ కొంచెం కొంచెంగా గాలి వదిలాడు. కారు తిన్నగా నిలిచింది. చూసుకుని మురిసిపోయాడు.

చర్చి హాలు ముందు హేజెల్ దిగగానే కారు తోక జానెడు పైకి లేచింది. మెట్ల మీద ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"నేను దిగితే నీ బండికి పండగా?"

"అది కాదు అత్తయ్యా, మిమ్మల్ని కూర్చోబెట్టి కొలతలు తీశాను కదా..."

"నా కొలతలు ఊరందరికీ చూపిస్తావా? ముందు ఆ గాలి తీసెయ్!"

అందరూ చూస్తుండగానే డిక్కీలో షాకులకు గాలి పట్టే గొట్టం మూత విప్పి మరికాస్త గాలి వదిలాడు. ఈసారి ఖాళీ కారు తిన్నగా నిలిచింది.

బింగో అయ్యాక, తను ఎక్కితే ఈసారి తోక కుంగుతుందని హేజెల్ వెనక తలుపు వైపే వెళ్లలేదు. ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. ఆ రోజు నుంచి వెనక సీటు ఆర్విల్ భార్యదయింది. ఆమె ఎక్కాక కారు ఎంత కుంగుతుందో కొలిచే ధైర్యం మాత్రం అతనికి లేకపోయింది.